ఇంట్లో చేసే ఆర్కేడ్ క్యాబినెట్: మానిటర్ ఎలా బిగించాలి, ముందు గ్లాసా, అక్రిలిక్కా?

రూపాయి_కాయిన్ (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాను. నాలుగు వారాలుగా శని, ఆదివారాలు కూర్చుని ఒక ఆర్కేడ్ క్యాబినెట్ (నిలబడి ఆడే వీడియో గేమ్ పెట్టె) చేస్తున్నాను. చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ ఒంగోలులో రూపాయి కాయిన్లు పోగేసుకుని వీడియో గేమ్ షాపుకి పరిగెత్తేవాళ్ళం. సంక్రాంతికి అన్నయ్య పిల్లల్ని తీసుకుని వస్తున్నాడు. ఆలోపు పూర్తి చేసి, ఇద్దరం పక్కపక్కన నిలబడి స్ట్రీట్ ఫైటర్ ఆడాలని నా కోరిక.

ఇప్పటిదాకా అయిన పని: 18 మి.మీ. ప్లైవుడ్‌తో రెండు పక్క పలకలు, అడుగు, వెనక తలుపు, మూతలా పైకి తెరుచుకునే కంట్రోల్ ప్యానెల్ (బటన్లు ఉండే పలక). బయటి వెడల్పు 600, లోపల 564 మి.మీ. స్క్రీన్ కోసం వదిలిన ఎత్తు 430. లోపల ఆటలు నడపడానికి రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్. మానిటర్ 24 అంగుళాల ఐపీఎస్ రకం ఎల్‌సీడీ, ఒక ఆఫీసు ఖాళీ చేస్తూ అమ్మేస్తే కొన్నాను.

మానిటర్ ముందు అంచుల మీద పైనా కిందా రెండు చెక్క బద్దలు పెట్టి, వెనక నుంచి ఎల్ క్లాంపులతో బిగించాను. కదలకుండా నిలిచింది. కానీ తెర మొత్తం నల్లగా పెట్టి చూస్తే కింది అంచున గోరంత తెల్లటి మచ్చ కనిపిస్తోంది. స్క్రూ అర చుట్టు వదులు చేస్తే కొంచెం తగ్గింది. ప్యానెల్ పాడైపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇంకొకటి, ముందు ఏం వేయాలి? పిల్లలు తెర మీద వేళ్ళు పెట్టకుండా ఏదో ఒకటి కావాలి.

తెరచాటు (శనివారం, రాత్రి 10:05)

ముందు ఆ క్లాంపులు పూర్తిగా తీసేయండి. ఇప్పుడే. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

తెరచాటు (శనివారం, రాత్రి 10:31)

నేను మానిటర్ల రిపేరు పనిలో ఉన్నాను, ఇలాంటి మచ్చలు చాలా చూశాను. ఎల్‌సీడీ ప్యానెల్‌లో గాజు పలకల వెనక వెలుగును పరిచే పలచటి ప్లాస్టిక్ షీట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అంచు మీద ఒత్తిడి పడితే అవి అక్కడ నలిగి వెలుగు బయటికి తన్నుకొస్తుంది. కొద్ది రోజుల ఒత్తిడే అయితే చాలావరకు దానంతటదే పోతుంది. నెలల తరబడి ఉంటే మచ్చ మిగిలిపోతుంది.

మానిటర్ బరువును ముందు అంచు మొయ్యకూడదు, వెనక ఉన్న నాలుగు వెసా రంధ్రాలు (స్టాండుకో గోడకో బిగించడానికి ఇచ్చేవి) మొయ్యాలి. 24 అంగుళాల వాటికి ఎక్కువగా 100 × 100 మి.మీ. చతురస్రం ఉంటుంది, కొన్నింటికి 75 × 75. ఎం4 (4 మి.మీ. మందం) బోల్టు పడుతుంది. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. 12 మి.మీ. ప్లై ముక్కకు ఎం4 × 20, అంటే 20 మి.మీ. పొడవు బోల్టు సరిపోతుంది: వాషర్ పోను లోపలికి 7 మి.మీ. వెళ్తుంది. ఇంట్లో ఉంది కదా అని 35 మి.మీ. బోల్టు తిప్పితే అది లోపలి బోర్డుకో ప్యానెల్ వీపుకో తగులుతుంది. రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి గోటితో గుర్తు పెట్టుకోండి, లోతు తెలిసిపోతుంది. రంధ్రంలోకి వెళ్ళే భాగం ఆ లోతుకి రెండు మి.మీ. తక్కువ ఉండేలా బోల్టు కొనండి. రంధ్రాలు గుంటలో ఉంటే ప్లైకీ మానిటర్‌కీ మధ్య స్పేసర్లు పెట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు వెనక మూత వంగుతుంది.

ఉలి_సుత్తి (ఆదివారం, ఉదయం 6:50)

తమ్ముడూ, తెరచాటు మేడమ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. చెక్క పని సంగతి నేను చెప్తాను. మాది వడ్రంగం చేసే ఇల్లు, ఇప్పుడు బొమ్మనహళ్ళిలో నాకు మాడ్యులర్ కిచెన్ల పని.

12 మి.మీ. ప్లై ముక్క 250 × 250 కోసి, మధ్యలో నాలుగు రంధ్రాలు వెయ్యి. దాన్ని ఈ పక్క పలక నుంచి ఆ పక్క పలక దాకా అడ్డంగా వచ్చే రెండు గట్టి రీపర్లకు (చెక్క బద్దలకు) బిగించు. రీపర్ల చివర్లను పక్క పలకలకు నేరుగా స్క్రూ కొట్టొద్దు. అక్కడ ఎల్ క్లాంపు పెట్టి, క్లాంపులో గుండ్రటి రంధ్రానికి బదులు 30 మి.మీ. పొడవు గాడి ఉండేలా చూసుకో. అప్పుడు మానిటర్‌ను ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ సరైన చోట బిగించొచ్చు. మన కొలత ఎంత పక్కాగా ఉన్నా చివర్లో మూడు నాలుగు మి.మీ. తేడా వస్తుంది, ఆ తేడాని గాడి మింగేస్తుంది.

స్క్రీన్ వాలు ఎంత అనుకున్నావు? స్క్రీన్ నిటారుగా పెడితే నిలబడి ఆడే మనిషి మెడ వంచుకుని చూడాలి. మరీ వెనక్కి వాల్చితే సీలింగ్ ట్యూబులైటు మొత్తం అందులోనే కనిపిస్తుంది. పేపరు మీద గీసుకోవద్దు. మానిటర్ సైజు అట్ట ముక్క కోసి, పుస్తకాలు ఆనించి నిలబెట్టి, బటన్లు ఉండే ఎత్తులో చేతులు పెట్టి చూడు. నేను చేసిన రెండింటికీ నిటారు నుంచి 20 డిగ్రీలు సరిపోయింది.

గలాగా_ప్రాణం (ఆదివారం, ఉదయం 9:12)

మానిటర్‌ను నిలువుగా పెట్టే ఆలోచన చేశారా? ప్యాక్‌మ్యాన్ (1980), గలాగా (1981) లాంటివి నిలువు తెర కోసం చేసినవి. 24 అంగుళాల మానిటర్ తెర సుమారు 531 × 299 మి.మీ. దాన్ని అడ్డంగా పెట్టి గలాగా ఆడితే బొమ్మ వెడల్పు 224 మి.మీ. మాత్రమే, మూల నుంచి మూలకు 15 అంగుళాలు కూడా రాదు. నిలువుగా తిప్పితే అదే ఆట దాదాపు 20 అంగుళాలకు పెరుగుతుంది. గలాగాలో పై నుంచి దిగే పురుగుల వరస ఆ ఎత్తులో చూస్తే ఆ ఆనందమే వేరు.

రూపాయి_కాయిన్ (ఆదివారం, ఉదయం 11:30)

క్లాంపులు రాత్రే తీసేశాను. మేడమ్, ఉలి_సుత్తి అన్నా, చాలా థాంక్స్.

గలాగా గారూ, నా ఎత్తు 430 మాత్రమే, నిలువుగా పెడితే పట్టదు. పైగా మాకు స్ట్రీట్ ఫైటర్ 2 ముఖ్యం, అది అడ్డం ఆట. 4:3లో (వెడల్పు నాలుగు పాళ్ళు, ఎత్తు మూడు పాళ్ళు) 398 × 299 వస్తోంది, మూల నుంచి మూలకు 19.6 అంగుళాలు. చిన్నప్పుడు మేం చూసిన తెర కూడా ఇంతే ఉన్నట్టు గుర్తు. మాకు చాలు.

కొత్తగా_చేరా (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో 21 అంగుళాల పాత డబ్బా టీవీ ఉంది, పనిచేస్తోంది. దాని ప్లాస్టిక్ బాడీ విప్పేసి ట్యూబు ఒక్కటీ క్యాబినెట్‌లో పెట్టొచ్చా? పాత ఆటలు వాటిలోనే బాగుంటాయి కదా?

తెరచాటు (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

బాగుంటాయి, అందులో సందేహం లేదు. కానీ విప్పొద్దు బాబూ. ఆ ట్యూబు మీద 20,000 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా ఛార్జి మిగిలి ఉండొచ్చు. వెనక సన్నటి మెడకు దెబ్బ తగిలితే ట్యూబు పగులుతుంది. ఆ పని చేతికి వచ్చిన టీవీ మెకానిక్ మీ పక్కన ఉంటేనే ముట్టుకోండి. లేదంటే టీవీని బాడీతో సహా, గాలి ఆడేలా పెద్ద క్యాబినెట్‌లో పెట్టండి.

పాత ఆఫీసు 19 అంగుళాల ఎల్‌సీడీలు విప్పేవాళ్ళకీ ఇదే మాట. వాటిలో వెలుగు ట్యూబులకు కరెంటు ఇచ్చే చిన్న బోర్డు మీద వందల వోల్టులు ఉంటాయి. వెసా రంధ్రాలు ఉన్నప్పుడు మానిటర్ మూత విప్పాల్సిన అవసరమే లేదు.

చెన్నై_సెంట్రల్ (ఆదివారం, సాయంత్రం 5:20)

ముందు అద్దం గురించి నా అనుభవం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను పెరంబూరులో ఉంటాను. 3 మి.మీ. అక్రిలిక్ కోయించి, కొంచెం కూడా ఖాళీ లేకుండా సరిగ్గా పట్టేలా పెట్టి, నాలుగు మూలలా స్క్రూ బిగించాను. జనవరిలో అద్దంలా ఉంది. మే నెల వచ్చేసరికి మధ్యలో లోపలికి వంగి మానిటర్‌ను తాకింది. తాకిన చోట నీళ్ళ మీద నూనె పడ్డట్టు రంగురంగుల ఉంగరాలు. ఆట ఆడుతుంటే కళ్ళు అక్కడికే పోయేవి.

తర్వాత లెక్క చూసుకుంటే అర్థమైంది. 560 మి.మీ. అక్రిలిక్ ముక్క 20 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 0.8 మి.మీ. సాగుతుంది. సాగడానికి చోటు లేక వంగింది. రెండు పక్కలా మి.మీ.న్నర చొప్పున వదిలి, స్క్రూ రంధ్రాలు పెద్దవి చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు.

ఇంకొక తప్పు చేశాను. వేలిముద్రలు పోవాలని స్పిరిట్‌తో తుడిచాను. వారానికి స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్ళు. అక్రిలిక్‌కి స్పిరిట్ గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ తగలకూడదు. నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి కాటన్ గుడ్డ, అంతే.

అద్దాల_పని (ఆదివారం, రాత్రి 8:45)

కేఆర్ పురంలో మాది గ్లాసు, అల్యూమినియం పని. చిన్నపిల్లలు ఉన్న ఇల్లు అంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మామూలు గ్లాసు మాత్రం వద్దు. టఫెన్డ్ గ్లాసు (వేడి చేసి గట్టిపరిచింది) 5 మి.మీ. వేయండి. దెబ్బ తగిలి పగిలినా కత్తుల్లాంటి ముక్కలు రావు, పటికబెల్లం పలుకుల్లా రాలుతుంది. అక్రిలిక్‌లా తేలిగ్గా గీతలు పడవు, వంగదు, ఏ గ్లాస్ క్లీనర్‌తో తుడిచినా భయం లేదు.

బరువు మాత్రం చూసుకోవాలి. మీ సైజుకి సుమారు 3 కిలోలు. అదే 3 మి.మీ. అక్రిలిక్ అయితే 900 గ్రాముల లోపే.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. టఫెనింగ్ అయ్యాక గ్లాసును కోయలేం, రంధ్రం వేయలేం, అంచు అరగదీయలేం. ప్రయత్నిస్తే మొత్తం పగిలిపోతుంది. కొలత తప్పితే కొత్తది చేయించుకోవాల్సిందే. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ముందు అట్టతోనో 3 మి.మీ. హార్డ్‌బోర్డుతోనో అదే సైజు ముక్క కోసి, క్యాబినెట్‌లో పెట్టి చూసుకుని, ఆ ముక్కనే తెమ్మంటాను. టేపు మీద రాసుకొచ్చిన అంకెలు నేను నమ్మను.

రూపాయి_కాయిన్ (ఆదివారం, రాత్రి 9:30)

అన్నా, గ్లాసే వేస్తాను. కానీ దాన్ని నిలబెట్టడం ఎలా? స్క్రూలు కనిపించకూడదు, లోపల దుమ్ము పడితే తీయడానికీ రావాలి. ముందు నుంచే తీయగలిగితే ఇంకా మంచిది, వెనక తలుపు గోడకు ఆనుకుని ఉంటుంది.

అద్దాల_పని (ఆదివారం, రాత్రి 10:10)

కిరాణా కొట్టులో అద్దాల షోకేసు తలుపులు చూశారా? కొట్టాయన తలుపును పైకెత్తి, కింది అంచు తనవైపు లాగి, ఒక్క క్షణంలో ఊడదీస్తాడు. స్క్రూ ఉండదు, కీలు ఉండదు. మీకు కావాల్సింది అదే.

అల్యూమినియం యు ఛానెల్ (యు ఆకారపు గాడి పట్టీ) రెండు ముక్కలు తీసుకోండి. కిందిది 6 మి.మీ. లోతు, పైది 14 మి.మీ. లోతు. మధ్య ఖాళీ 430 కాబట్టి గ్లాసు ఎత్తు 442. కింద 6 కూర్చుంటుంది, పైన 6 పట్టుకుంటుంది, పైన ఇంకా 8 మి.మీ. ఖాళీ మిగులుతుంది. తీయాలంటే గ్లాసును 7 మి.మీ. పైకెత్తితే కింది అంచు గాడి దాటి బయటికి వస్తుంది. వెడల్పు 560 చాలు. కింది ఛానెల్‌లో పలచటి రబ్బరు పట్టీ వేయండి, గ్లాసు అంచు నేరుగా లోహం మీద కూర్చోకూడదు. టఫెన్డ్ గ్లాసుకు బలహీనత అంచులోనే ఉంటుంది.

ఉలి_సుత్తి (సోమవారం, ఉదయం 7:05)

అద్భుతంగా చెప్పారు. తమ్ముడూ, పక్కలకు గ్లాసు వెనక సన్నటి బద్దలు కొట్టి, వాటి మీద తలుపులకు అంటించే ఫోమ్ టేపు వెయ్యి. గ్లాసు వాటి మీద ఆనుకుంటే గలగలమనదు, దుమ్ము కూడా లోపలికి పోదు. బద్దలకు లోపలివైపు నల్ల మ్యాట్ పెయింట్ కొట్టడం మర్చిపోకు. తెల్ల చెక్క ఉంటే తెర వెలుగు దాని మీద పడి కనిపిస్తుంది.

రూపాయి_కాయిన్ (తర్వాతి శనివారం, రాత్రి 8:20)

వారం పని చెప్తున్నాను.

అన్నిటికన్నా ముందు శుభవార్త, తెల్ల మచ్చ పోయింది. మంగళవారం రాత్రికి సగం తగ్గింది, శుక్రవారం చీకట్లో వెతికినా కనిపించలేదు.

ఎస్పీ రోడ్డులో ఎం4 × 20 బోల్టులు, వాషర్లు తెచ్చాను. అగ్గిపుల్ల లెక్క 10 మి.మీ. చూపించింది, కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ప్లై ముక్క, రీపర్లు, గాడి ఉన్న క్లాంపులు అన్నీ ఉలి_సుత్తి అన్న చెప్పినట్టే. గాడి పెట్టమన్నందుకు ప్రత్యేకంగా దండం పెడుతున్నాను, చివరికి నేను అనుకున్న దానికన్నా 9 మి.మీ. వెనక్కి జరపాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండు చిక్కులు. మానిటర్ చుట్టూ ఖాళీ మూయడానికి అవెన్యూ రోడ్డులో నల్ల మౌంట్ బోర్డు (మందపాటి అట్ట) కొన్నాను. మధ్యలో 398 × 299 కిటికీ కోసి, గ్లాసుకి వెనకవైపు టేపుతో అంటించాను. చూడ్డానికి ఎంతో నీట్‌గా వచ్చింది. కానీ నేను నిలబడి ఆడితే పైన స్కోరు అంకెల తలలు తెగిపోతున్నాయి. మా పాప స్టూలు లేకుండా నిలబడితే దానికి పైనంతా కనిపిస్తోంది, కింద తెగుతోంది. తెరకూ గ్లాసుకూ మధ్య 25 మి.మీ. ఉంది.

రెండోది, కరెంటు పోయి వస్తే రాస్‌ప్‌బెర్రీ పై దానంతటదే ఆన్ అవుతోంది, మానిటర్ మాత్రం అవడం లేదు. బటన్ లోపల ఉండిపోయింది.

తెరచాటు (శనివారం, రాత్రి 9:00)

అట్ట గ్లాసు దగ్గర ఉండటమే మొదటి సమస్య. మీ చూపు పై నుంచి ఏటవాలుగా దిగుతుంది. అట్ట అంచు దాటి తెరను చేరేసరికి 25 మి.మీ. దూరంలో ఒక సెంటీమీటరు దాకా కిందికి జారుతుంది. పాప చూపు కింది నుంచి పైకి వెళ్తుంది కాబట్టి దానికి కింద తెగుతోంది. అట్టను గ్లాసు నుంచి తీసి మానిటర్ ఫ్రేము మీదకే తీసుకెళ్ళండి. ఫ్రేముకి తగిలీ తగలనట్టు ఉండాలి, తెరను నొక్కకూడదు. కిటికీ అన్ని వైపులా రెండు మి.మీ. పెద్దది చేయండి. మీరు కోసింది సరిగ్గా బొమ్మ సైజు, దానికి ఊపిరి ఆడే చోటు లేదు.

కరెంటు సంగతి మానిటర్ తయారీని బట్టి ఉంటుంది. కొన్ని పాత స్థితిని గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని పెట్టుకోవు. పాతది కొనేవాళ్ళు షాపులోనే తెర వెలుగుతుండగా ప్లగ్ పీకి, మళ్ళీ పెట్టి చూడాలి. మీది ఇప్పుడు మార్చలేం కాబట్టి బటన్ అందేలా దారి చేయండి. ఎటువైపు ఉంది?

రూపాయి_కాయిన్ (శనివారం, రాత్రి 9:08)

కింద కుడి మూల, అడుగువైపు.

ఉలి_సుత్తి (శనివారం, రాత్రి 9:25)

అయితే సులువే. కంట్రోల్ ప్యానెల్‌ను మూతలా పైకి తెరుచుకునేలా చేశావు కదా? దాని కింద నుంచి చెయ్యి పోయేలా అడ్డపలకలో 80 × 60 కిటికీ కోసెయ్యి. బయటికి ఏమీ కనిపించదు.

ఆ కిటికీ గాలికీ పనికొస్తుంది. కింద చల్లగాలి లోపలికి, పైన వెనక తలుపు మీద నుంచి వేడి బయటికి. రెండు చోట్లా దోమల మెష్ కొట్టు, లేకపోతే వెచ్చగా ఉందని బొద్దింకలు కాపురం పెడతాయి. రాస్‌ప్‌బెర్రీ పై 4 వేడి 80 డిగ్రీలు చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట ఈడుస్తుంది. 120 మి.మీ. ఫ్యాను 12 వోల్టులది తీసుకుని 5 వోల్టుల మీద తిప్పు. చప్పుడు రాదు, ఆ మాత్రం గాలి చాలు.

చెన్నై_సెంట్రల్ (ఆదివారం, ఉదయం 8:10)

మౌంట్ బోర్డు కోసేటప్పుడు ఒక్క గీతలో తెగ్గొట్టాలని చూడకండి. స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో, తేలిగ్గా నాలుగైదు సార్లు లాగండి. మూలల దగ్గర ఆపి, అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. అంచున తెల్ల గుజ్జు కనిపిస్తే నల్ల మార్కర్ రుద్దండి.

రూపాయి_కాయిన్ (తర్వాతి ఆదివారం, రాత్రి 10:50)

అయిపోయింది.

అట్ట మానిటర్ మీదకి వెళ్ళింది, కిటికీ 402 × 303 చేశాను. నేను నిలబడినా, పాప కింద నుంచి చూసినా స్కోరు నుంచి నేల దాకా పూర్తిగా కనిపిస్తోంది. చేతి కిటికీ కోశాను, మెష్ కొట్టాను, ఫ్యాను తిరుగుతోంది. రెండు గంటలు ఆపకుండా ఆడాక రాస్‌ప్‌బెర్రీ పై వేడి 61 డిగ్రీలు.

గ్లాసు హార్డ్‌బోర్డు ముక్క పట్టుకెళ్ళే చేయించాను. ఛానెల్‌లో కూర్చోబెట్టినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వచ్చింది, ఆ చప్పుడు ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. హాల్లో ట్యూబులైటు ఆర్పి దీపం వెలుగులో ఆన్ చేశాం. గ్లాసు అవతల ఎక్కడ మానిటర్ ఆగిందో, ఎక్కడ అట్ట మొదలైందో తెలియలేదు. చీకట్లో బొమ్మ ఒక్కటే తేలుతున్నట్టు ఉంది.

ఆన్ చేశాక చూస్తే గ్లాసు లోపలివైపు ఒక దూది పోగు. రెండు అరచేతులూ ఆనించి పైకెత్తి, కింది అంచు ముందుకి లాగి, తుడిచి మళ్ళీ పెట్టేశాను. నిమిషం కూడా పట్టలేదు. మా ఆవిడ చూసి "షోకేసు తలుపులా ఉందే" అంది. అద్దాల_పని అన్నా, ఆ మాట మీకే చెందుతుంది.

అన్నయ్యకి ఇంకా చెప్పలేదు. కొలతలన్నీ ఒక కాగితం మీద గీసి పెట్టుకున్నాను, రేపు ఫోటో తీసి ఇక్కడే పెడతాను. 24 అంగుళాల మానిటర్, 600 వెడల్పు అనుకునేవాళ్ళు నేరుగా వాడుకోవచ్చు. గ్లాసుకి మాత్రం మీ ముక్క మీరే కోసుకోండి.